చలి సాయంత్రాలకు కడుపు నిండే కూరగాయల సూప్: నాది ఎప్పుడూ నీళ్ళనీళ్ళగానే వస్తోంది, ఏం చేయాలి?

చలిచీమ (కొత్త సభ్యులు)

అందరికీ నమస్కారం. చాన్నాళ్ళుగా ఇక్కడ చదవడమే తప్ప రాసింది లేదు. ఇప్పుడు అవసరం పడింది.

చలి ముదిరింది. పని నుంచి ఇంటికొచ్చేసరికి చీకటి పడిపోతుంది, వేళ్ళు కొంకర్లు పోయి ఉంటాయి. ఆ పూటకి వేడివేడిగా ఓ పెద్ద గిన్నెడు సూప్ తాగి, ఇక వేరే భోజనం అక్కర్లేకుండా పడుకోవాలని నా కోరిక. నేను చేసే పద్ధతి ఇదీ: క్యారెట్, బీన్స్, బంగాళాదుంప, క్యాబేజీ, టమాటా, ఉల్లిపాయ తరిగి అన్నీ ఒకేసారి గిన్నెలో వేస్తాను. రెండు లీటర్ల నీళ్ళు పోసి, ఉప్పు, మిరియాల పొడి వేసి అరగంట ఉడికిస్తాను.

వచ్చేది ఏమిటంటే, అడుగున ముక్కలు, పైన రంగునీళ్ళు. ఒకదానితో ఒకటి పరిచయం లేనట్టు ఉంటాయి. తాగిన గంటకే మళ్ళీ ఆకలి. కార్న్‌ఫ్లోర్ కలిపి చూశాను. చిక్కబడింది గానీ జిగురు జిగురుగా, రుచి మాత్రం అదే కడుగునీళ్ళ రుచి. కూరగాయల మొత్తం బరువు ముప్పావు కిలో ఉంటుంది. తప్పు ఎక్కడ జరుగుతోందంటారు?

ఒంటిగరిటె

సూప్ క్యూబ్ ఒకటి పడేయండి. అయిపోయింది.

పాతచెయ్యి (సీనియర్ సభ్యులు)

చలిచీమ గారూ, మీ ప్రశ్నలోనే జవాబు ఉంది. ముప్పావు కిలో కూరగాయలకి రెండు లీటర్ల నీళ్ళా! అది సూప్ కాదండీ, కూరగాయలకి స్నానం. కిలో కూరగాయలకి లీటరు, మహా అయితే లీటరుంబావు. ముక్కలు మునిగి పైన ఒక వేలు మందం నీళ్ళు నిలిస్తే చాలు. తక్కువైతే తర్వాత పోసుకోవచ్చు, ఎక్కువైతే తీయలేం.

రెండోది, మీరు దేన్నీ మగ్గించడం లేదు. సూప్ రుచిలో సగం నీళ్ళు పోయకముందే తయారవుతుంది. నేను చేసేది చెప్తాను, నలుగురికి సరిపోతుంది.

అడుగు మందంగా ఉన్న గిన్నె తీసుకోండి. మూడు పెద్ద చెంచాల నూనె, లేదా సగం నూనె సగం వెన్న. రెండు పెద్ద ఉల్లిపాయలు, రెండు క్యారెట్లు, దొరికితే రెండు సెలెరీ కాడలు సన్నగా తరిగి వేసి, చెంచాడు ఉప్పు చల్లి, మూత పెట్టి సన్నని సెగ మీద వదిలేయండి. ఉప్పు వల్ల ముక్కల్లోంచి నీరు ఊరుతుంది, ఆ నీటిలోనే అవి మగ్గుతాయి. పది నిమిషాలయ్యాక మూత తీసి ఇంకో పది నిమిషాలు. అక్కడక్కడా బంగారు రంగు రావాలి, మాడకూడదు. ఇక్కడ ఓపిక పట్టలేనివాళ్ళు ఆ రోజుకి సూప్ మానేసి వేరే ఏదైనా చేసుకోవడం మంచిది.

తర్వాత వెల్లుల్లి నాలుగైదు రెబ్బలు చితక్కొట్టి వేయండి, అర నిమిషం చాలు, ఎక్కువ ఉంచితే చేదెక్కుతుంది. మూడు టమాటాలు తరిగి వేసి, గుజ్జు దగ్గరపడి నూనె పైకి తేలేదాకా వేయించండి. అడుగున గోధుమ రంగు పొర అంటుకుంటే కంగారు పడకండి, రుచంతా అందులోనే ఉంది. కాసిని నీళ్ళు చిలకరించి చెక్క గరిటెతో గీకి కలిపేయండి.

ఇప్పుడు బంగాళాదుంప రెండు, క్యాబేజీ ఒక కప్పు, గుప్పెడు ఎర్ర కందిపప్పు కడిగి, ఒక బిర్యానీ ఆకు, లీటరుంబావు నీళ్ళు. పొంగు వచ్చాక సెగ తగ్గించి ముప్పావుగంట కుతకుతలాడనివ్వండి. బీన్స్ చివరి పావుగంటలో వేసుకోవాలి. బఠాణీ, పాలకూర లాంటివి దించే ముందు. ఆ పప్పు నానబెట్టక్కర్లేదు, ఉడికి కరిగిపోయి సూప్‌కి ఒళ్ళు ఇస్తుంది. కార్న్‌ఫ్లోర్ జోలికే వెళ్ళరు మీరు.

దించాక నిమ్మరసం కొంచెం. ఇది మర్చిపోకండి.

ఒంటిగరిటె

నా క్యూబ్‌కి ఇంత పెద్ద జవాబా.

తొందరబండి

పాతచెయ్యి గారూ, పనిచేసి వచ్చినవాళ్ళకి ఒకటిన్నర గంట ఎక్కడ దొరుకుతుందండీ? నేను ఉల్లిపాయ ఓ ఐదు నిమిషాలు వేయించి, మిగతావన్నీ కుక్కర్‌లో వేసి మూత పెట్టేస్తాను. ప్రెషర్ వచ్చాక ఎనిమిది నిమిషాలు. బాగానే ఉంటుంది. కుక్కర్ లోపల నీళ్ళు 100 డిగ్రీల దగ్గర ఆగవు, 120 దాకా పోతాయి కాబట్టి పప్పు, దుంప చిటికెలో మెత్తబడతాయి.

ఒక్కటే లోపం, బీన్స్, క్యాబేజీ లాంటివి పేస్ట్ అయిపోతాయి. వాటిని మూత తీశాక విడిగా వేసి మామూలుగా ఉడికించుకుంటాను.

లిట్మస్

పాతచెయ్యి గారి పద్ధతిలో ఒక్కచోట నాకు అభ్యంతరం. టమాటాలు మూడూ దుంపల కంటే ముందు వేయడం.

కూరగాయ ముక్క గట్టిగా ఉండేది దాని కణాల మధ్య పెక్టిన్ అనే బంక వల్ల. వేడికి ఆ బంక కరిగితేనే ముక్క మెత్తబడుతుంది. పులుపు ఉన్న నీళ్ళలో అది సరిగ్గా కరగదు. అందుకే టమాటా నీళ్ళలో బంగాళాదుంప ఎంత ఉడికినా లోపల గట్టిగా తగులుతుంది. పప్పు, చిక్కుళ్ళూ అంతే. నీళ్ళలో కాల్షియం ఎక్కువ ఉన్నా, అంటే బోరు నీళ్ళలాంటి గట్టి నీళ్ళయినా, ఇదే గొడవ. దుంప, పప్పు మెత్తబడ్డాక టమాటా వేయండి.

పాతచెయ్యి

లిట్మస్ గారూ, ఇరవై ఏళ్ళుగా ఇలాగే చేస్తున్నాను. నా దుంపలు ఎప్పుడూ మొరాయించలేదు. టమాటా నూనెలో వేగితే వచ్చే రుచి, చివర్లో పచ్చిగా వేస్తే రాదు.

లిట్మస్

రుచి సంగతి నేను కాదనలేదండీ. మెత్తబడే సంగతి చెప్పాను.

చలిచీమ

నిన్న రాత్రి చేశాను. పాతచెయ్యి గారి పద్ధతే, అక్షరం పొల్లుపోకుండా. (లిట్మస్ గారి పోస్ట్ చూసేసరికి టమాటాలు గిన్నెలో పడిపోయాయి.)

ముందు మంచి మాట. ఉల్లిపాయ, క్యారెట్ ఇరవై నిమిషాలు మగ్గాక వచ్చిన వాసనకి పక్క గదిలో చదువుకుంటున్న మా వాడు వచ్చి "ఏం చేస్తున్నావమ్మా" అని అడిగాడు. నా సూప్ గురించి ఈ ఇంట్లో ఎవరైనా అడగడం ఇదే మొదటిసారి. చిక్కదనం వచ్చింది. ముక్కా నీళ్ళూ కలిశాయి.

ఇక రెండో మాట. ముప్పావుగంట తర్వాత కూడా దుంప ముక్క చెంచాతో నొక్కితే విరగలేదు. పప్పు మెత్తబడింది గానీ పూర్తిగా కరగలేదు, పలుకు తగులుతోంది. ఇంకో పాతిక నిమిషాలు ఉడికిస్తే అప్పుడు దారికొచ్చింది. అప్పటికి బీన్స్ పాపం ఖాకీ రంగులోకి మారిపోయాయి. తొమ్మిదిన్నరకి తిన్నాం.

లిట్మస్

నేను ఏమీ అనడం లేదు.

పాతచెయ్యి

అనండి, అనండి. ఇవాళ నేను కూర్చుని లెక్క చూసుకున్నాను. నేను మధ్యాహ్నమే పొయ్యి మీద పెడతాను, రెండు గంటలు ఉడుకుతూనే ఉంటుంది. దుంప ముక్కలు కూడా చిన్నవి. అందుకే నాకు ఎప్పుడూ తేడా తెలియలేదు. ముప్పావుగంట అని రాసింది అలవాటు మాట, గడియారం చూసి రాసింది కాదు. చలిచీమ గారూ, మీ తొమ్మిదిన్నర భోజనానికి నాదే పూచీ.

మధ్యేమార్గం ఒకటి ఉంది. ఒక్క టమాటా, లేదా పెద్ద చెంచాడు టమాటా పేస్ట్, ఉల్లిపాయతో పాటు నూనెలో వేయించండి. అంత కొంచెం పులుపు దుంపని పెద్దగా ఆపదు, వేగిన రుచి మాత్రం వస్తుంది. మిగతా రెండు టమాటాలు దుంప మెత్తబడ్డాక వేయండి.

లిట్మస్

దీనికి నా ఓటు.

బీన్స్ రంగు పోవడం కూడా పులుపు పనే. ఆకుపచ్చని ఇచ్చే పత్రహరితంలో మెగ్నీషియం ఉంటుంది. పులుపూ వేడీ ఎక్కువసేపు తగిలితే అది ఊడిపోయి రంగు ఖాకీ అవుతుంది. అందుకే ఆకుపచ్చవన్నీ చివర్లో, మూత లేకుండా. ఏడెనిమిది నిమిషాలు దాటకుండా చూసుకోండి. కొందరు రంగు నిలవాలని వంట సోడా వేస్తారు. రంగు నిలుస్తుంది, ముక్క మాత్రం గుజ్జైపోతుంది, పైగా సబ్బు రుచి.

కొత్తచిగురు

మాంసం లేకుండా సూప్‌లో ఆ గాఢమైన రుచి రాదంటారు కదా? మాది పూర్తి శాకాహారం. ఒంటిగరిటె గారి క్యూబ్ తప్ప దారి లేదా?

లిట్మస్

ఉందండీ. ఎండు పుట్టగొడుగులు. నాలుగైదు ముక్కల్ని గోరువెచ్చని నీళ్ళలో అరగంట నానబెట్టండి. ఆ నీళ్ళని పలుచటి బట్టలో వడకట్టి (అడుగున ఇసుక ఉంటుంది) సూప్‌లో పోయండి.

మీరు చెప్పే గాఢమైన రుచికి ఎక్కువ భాగం గ్లుటమేట్ అనే పదార్థం కారణం. జపాన్‌లో ఇకెడా కికునాయె అనే రసాయన శాస్త్రవేత్త 1908లో సముద్రపు నాచు కాచిన నీళ్ళలోంచి దీన్ని వేరుచేసి, ఆ రుచికి ఉమామి అని పేరు పెట్టాడు. టమాటాలో అది సహజంగానే బోలెడు ఉంది. ఎండు పుట్టగొడుగుల్లో గ్వానిలేట్ అని ఇంకొకటి ఉంటుంది. ఈ రెండూ కలిస్తే రుచి కూడిక కాదు, హెచ్చవేత. అందుకే టమాటా, పుట్టగొడుగు జంటగా వేస్తే మాంసం లేని లోటు తెలియదు. కాస్త సోయా సాస్ చుక్కలేసినా అదే పని చేస్తుంది, కాకపోతే ఉప్పు తగ్గించుకోవాలి.

ఒంటిగరిటె

క్యూబ్‌లో ఉండేదీ అదే కదా మరి. ఊరికే నన్ను ఆడిపోసుకున్నారు.

పాతచెయ్యి

ఒంటిగరిటె గారూ, క్యూబ్‌లో రుచి కంటే ముందు ఉప్పు ఉంటుంది. వేసుకోండి, తప్పేం లేదు. వేసిన రోజు విడిగా ఉప్పు వేయకండి, చివర్లో రుచి చూసి అప్పుడు.

కొత్తచిగురు గారూ, ఇంకోటి. క్యారెట్ తొక్కలు, ఉల్లిపాయ చివర్లు, సెలెరీ ఆకులు, పుట్టగొడుగు కాడలు పారేయకుండా ఫ్రీజర్‌లో సంచీలో దాచండి. నిండాక నీళ్ళలో వేసి ముప్పావుగంట కాచి వడకట్టండి. సూప్‌కి మామూలు నీళ్ళ బదులు అవి వాడండి. క్యాబేజీ, క్యాలీఫ్లవర్ ముక్కలు మాత్రం అందులో వేయొద్దు, ఎక్కువ కాగితే గంధకం కంపు కొడతాయి. బీట్‌రూట్ వేస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

మిక్సీమరక

చిక్కగా రావడానికి నా సలహా: సగం సూప్ తీసి మిక్సీ పట్టి మళ్ళీ కలపడం. సగం మెత్తగా, సగం ముక్కలుగా ఉంటుంది, కడుపు నిండినట్టుంటుంది.

కానీ ఒక హెచ్చరిక, నా పేరు ఊరికే పెట్టుకోలేదు. కుతకుతలాడే సూప్‌ని మిక్సీ జార్ నిండా పోసి మూత బిగించి తిప్పాను. ఆవిరి ఒక్కసారిగా తన్ని మూత ఎగిరిపోయింది. గోడ మీద, గడియారం మీద, నా మోచేతి మీద గుమ్మడికాయ సూప్. చెయ్యి బొబ్బలెక్కింది, వారం రోజులు కట్టు కట్టుకుని తిరిగాను. గోడ మీది మరక ఇప్పటికీ ఉంది. దయచేసి చల్లార్చండి, జార్ మూడో వంతు మించి నింపకండి, మూతలో చిన్న బిరడా తీసి ఆ కన్నం మీద బట్ట అడ్డం పెట్టి, నెమ్మదిగా మొదలుపెట్టండి.

తొందరబండి

అయ్యో. హ్యాండ్ బ్లెండర్ అయితే గిన్నెలోనే తిప్పేయొచ్చు కదండీ, ఈ ప్రమాదం ఉండదు.

లిట్మస్

తిప్పొచ్చు, కానీ బంగాళాదుంప ఎక్కువున్న సూప్‌ని ఎక్కువసేపు తిప్పకండి. దుంపలోని గంజి రేణువులు చితికి మొత్తం బంకలా సాగుతుంది. దుంప సూప్ అయితే పప్పుగుత్తితో పది దెబ్బలు కొట్టడం ఉత్తమం. గుమ్మడి, క్యారెట్, క్యాలీఫ్లవర్‌కి ఈ బెడద లేదు, ఎంతైనా తిప్పుకోండి.

బుల్లిబఠాణీ

రాజ్మా వేయొచ్చా? కడుపు నిండాలంటే అదే మంచిదనిపిస్తోంది. మా ఇంట్లో స్లో కుక్కర్ ఉంది, పొద్దున్నే అన్నీ వేసేసి వెళ్ళిపోతే సాయంత్రానికి తయారవుతుందని ఆశ.

లిట్మస్

బుల్లిబఠాణీ గారూ, ఆగండి. పచ్చి రాజ్మాని నేరుగా స్లో కుక్కర్‌లో వేయకండి. అందులో లెక్టిన్ అనే విషపదార్థం ఉంటుంది. సరిగ్గా ఉడకని నాలుగైదు గింజలు చాలు, కొన్ని గంటల్లో వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. స్లో కుక్కర్ వేడి ఆ విషం విరగడానికి సరిపోకపోవచ్చు. అరకొర వేడికి అది ఇంకా పెరుగుతుంది కూడా.

ముందురోజు రాత్రి నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, కొత్త నీళ్ళలో అరగంట గలగలా మరగనివ్వండి. లేదా కుక్కర్‌లో మెత్తగా ఉడికించండి. ఆ తర్వాత సూప్‌లో వేసుకుంటే ఏ భయమూ లేదు. డబ్బాలో వచ్చే రాజ్మా ముందే ఉడికించి ఉంటుంది, కడిగి వేసేయొచ్చు.

బుల్లిబఠాణీ

బాబోయ్. రేపు పొద్దున చేద్దామని గింజలు పక్కన పెట్టుకున్నాను. ఇప్పుడే నానబెడుతున్నాను. ధన్యవాదాలండీ.

పాతచెయ్యి

రాజ్మా అంత ఓపిక లేనివాళ్ళకి బార్లీ ఉంది. గుప్పెడు కడిగి దుంపలతో పాటే వేయండి, నలభై, యాభై నిమిషాల్లో ఉడుకుతుంది. నమిలితే మెత్తగా సాగే ఆ గింజ ఉంటే సూప్ భోజనమే అవుతుంది. గుప్పెడు అన్నాను, గ్లాసు కాదు. అది తన ఒంటికి మూడింతల నీళ్ళు తాగుతుంది. ఒకసారి గ్లాసుడు వేసి, మర్నాడు మూత తీస్తే కత్తితో కోసుకుని తినాల్సి వచ్చింది.

చలిచీమ

రెండో విడత నివేదిక :)

ఒక టమాటా మొదట్లో, రెండు చివర్లో. దుంప పాతిక నిమిషాలకే వెన్నలా అయింది. పప్పు కనిపించకుండా కరిగింది. ఎండు పుట్టగొడుగులు దొరకలేదు, పచ్చివే సన్నగా తరిగి విడిగా మూకుడులో నీరంతా ఇగిరి ఎర్రగా అయ్యేదాకా వేయించి కలిపాను. బీన్స్ పచ్చగా ఉన్నాయి!

కానీ ఉప్పు ఎక్కువైంది. మగ్గించేటప్పుడు ఒకసారి, నీళ్ళు పోశాక అలవాటుగా మరోసారి, అది ఇగిరాక ఇంకా ఎక్కువైంది. పచ్చి బంగాళాదుంప వేస్తే ఉప్పు లాగేస్తుందని ఎక్కడో విన్నాను, ఒకటి వేశాను. ఏమీ లాగలేదు. ఉప్పటి దుంప ఒకటి అదనంగా మిగిలింది.

లిట్మస్

దుంప ఉప్పుని ఏరుకుని లాగదండీ. ఉప్పు కలిసిన నీళ్ళని కొంచెం పీలుస్తుంది, మిగిలిన నీళ్ళలో ఉప్పు అంతే ఉంటుంది. దారి ఒక్కటే, పలుచన చేయడం. నీళ్ళు పోసి, దానికి తగ్గట్టు ఉప్పు లేకుండా ఉడికించిన పప్పో దుంపో మెదిపి కలపాలి. కొంచెమే ఎక్కువైతే నిమ్మరసం, కాస్త క్రీమ్ ఆ ఉప్పుని కప్పిపుచ్చుతాయి.

పాతచెయ్యి

చలిచీమ గారూ, ఉప్పు మొదట చెంచాడు, మిగతాది అంతా దించాక. మధ్యలో చెయ్యి కట్టేసుకోండి. రుచి చూసేటప్పుడు కూడా గరిటెతో తీసి ఊది, కాస్త చల్లారాక చూడండి. నాలుక కాలుతుంటే ఉప్పు ఏం తెలుస్తుంది.

మిక్సీమరక

చప్పగా ఉందనిపించిన ప్రతిసారీ ఉప్పే వేయనక్కర్లేదు. నాకు చాలాకాలం తెలియలేదు. సగం సార్లు కావలసింది పులుపే. ముందు గిన్నెలో రెండు చెంచాలు విడిగా తీసుకుని ఒక చుక్క నిమ్మరసం కలిపి చూడండి, అప్పుడు తెలుస్తుంది.

తొందరబండి

నాకో సందేహం. ఆదివారం పెద్ద గిన్నెడు చేసి వారమంతా తాగొచ్చా? నేను రాత్రంతా పొయ్యి మీదే ఉంచేస్తాను, ఎలాగూ చలికాలమే కదా.

లిట్మస్

వంటగది ఫ్రిజ్ కాదు కదండీ. పెద్ద గిన్నెలో సూప్ లోపల గంటలకొద్దీ గోరువెచ్చగా ఉంటుంది, సూక్ష్మజీవులకి అంతకంటే హాయి ఏముంది. దించిన రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లోకి వెళ్ళాలి. లోతు లేని డబ్బాల్లోకి సర్దితే, లేదా గిన్నెని చన్నీళ్ళ పళ్ళెంలో పెట్టి కలిపితే త్వరగా చల్లారుతుంది. ఫ్రిజ్‌లో మూడు, నాలుగు రోజులు. తాగే ముందు, తాగేంత మాత్రమే తీసి, బాగా మరిగించండి.

వారానికి అయితే ఫ్రీజర్. డబ్బా నిండా పోయకండి, నీళ్ళు గడ్డకడితే దాదాపు 9 శాతం ఉబ్బుతాయి. గాజు సీసా అయితే పగులుతుంది.

పాతచెయ్యి

ఫ్రీజర్‌లో పెట్టేదైతే బంగాళాదుంప వేయకుండా చేయండి. కరిగాక ఇసుకలా తగులుతుంది. పప్పు, గుమ్మడి, క్యారెట్ బాగా నిలబడతాయి. దుంప తాగే రోజున విడిగా ఉడికించి కలుపుకోండి. పాస్తా, అన్నం కూడా అంతే, ముందే వేసి ఉంచితే ఉన్న నీళ్ళన్నీ తాగేసి ఉబ్బిపోతాయి.

చలిచీమ

మూడో విడత. ఈసారి రుచి గురించి చెప్పడానికి నా దగ్గర ఏమీ మిగల్లేదు, గిన్నె ఖాళీ. రెండు రోజులకని చేసింది ఒక్క పూటలో అయిపోయింది. ఇంకో కప్పు ఉందా అని అడిగితే లేదని చెప్పడానికి మొహమాటపడ్డాను.

ఒక్క చిన్న ప్రశ్న. పోయిన విడతలో కొంచెం మిగిలితే ఫ్రిజ్‌లో పెట్టి మర్నాడు పొద్దున చూసుకున్నాను, హల్వాలా గట్టిపడింది. పాడైనట్టా?

పాతచెయ్యి

పాడు కాదండీ, పప్పూ దుంపా గంజి వల్ల బిగుసుకుంటుంది. వేడి నీళ్ళు కాసిని పోసి సెగ మీద కలపండి, మళ్ళీ జారుగా అవుతుంది. ఉప్పు అప్పుడు ఇంకోసారి చూసుకోండి. చేసిన రోజు కంటే మర్నాడే బావుంటుంది, చూడండి.

ఒంటిగరిటె

ఇవాళ క్యూబ్ లేకుండా చేశాను. ఇరవై నిమిషాలు ఉల్లిపాయ పక్కనే నిలబడ్డాను. బావుంది. ఈ మాట ఎవరికీ చెప్పకండి.